టీవీ ఫ్రీక్వెన్సీకి భాష లేదు, సరిహద్దు లేదు

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా తెలుగువాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది: "యూరప్‌లో ప్రతి భాషకూ ఒక టీవీ ఫ్రీక్వెన్సీ ఇచ్చారు. మనదాన్ని ఒడిశా లాక్కుంది, తర్వాత సెల్ కంపెనీలకు అమ్మేశారు. అందుకే తెలుగు ఛానెళ్లు రావడం లేదు." ఇరుగుపొరుగు ఒడియావాళ్ల మీద కోపం పెంచే ఈ మాటలకు జవాబు చెప్పి తీరాలి.

యూరప్ సంగతి పూర్తిగా తప్పు. 1961లో స్టాక్‌హోంలో, 2006లో జెనీవాలో దేశాలు కూర్చుని టీవీ ఫ్రీక్వెన్సీలు పంచుకున్నది భాషలను చూసి కాదు. ఏ ట్రాన్స్‌మిటర్ (ప్రసార కేంద్రం) ఎక్కడుంది, ఎంత పవర్‌తో పనిచేస్తుంది, పక్క దేశంలోకి ఎంత దూరం పోతుంది అన్నదే లెక్క. దగ్గర్లో ఉన్న రెండు ట్రాన్స్‌మిటర్లు ఒకే ఫ్రీక్వెన్సీ వాడితే రెండు బొమ్మలూ చెడిపోతాయి. తగినంత దూరముంటే అదే ఫ్రీక్వెన్సీని మరో దేశం మరో భాషలో వాడుకుంటుంది.

ఒడిశా లాక్కోవడం అసలు కుదరదు. మన దేశంలో ఫ్రీక్వెన్సీలు ఇచ్చేది కేంద్రం, రాష్ట్రాలకు ఆ అధికారమే లేదు. నెల చందా లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ సేవ జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. ఆంధ్రలోని పాతపట్నంలో పెట్టినా ఒడిశాలోని పర్లాకిమిడిలో పెట్టినా డిష్ అదే దిక్కు చూస్తుంది, దూరదర్శన్ తెలుగు ఛానెల్ సప్తగిరి రెండు చోట్లా పడుతుంది.

సెల్ కంపెనీల మాటలో కొంత నిజముంది. యూరప్‌లో 790–862, ఆ తర్వాత 694–790 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలు టీవీ నుంచి మొబైల్‌కు వెళ్లాయి. మన దగ్గరా 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల వరుస) అమ్ముడైంది. కానీ ప్రైవేటు తెలుగు ఛానెళ్లు ఏనాడూ ఆ బ్యాండ్‌లో మన ఇళ్లకు రాలేదు. అవి వచ్చేది ఉపగ్రహం నుంచి, కేబుల్ నుంచి.

మరి ఎందుకు రావడం లేదంటే, మీ ప్యాక్ చూడండి. ఒడియా ప్యాక్ తీసుకుంటే అందులో తెలుగు ఛానెళ్లు లేకపోవచ్చు. 2019 నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ (టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం కావలసిన ఛానెల్‌ను విడిగా ఎంచుకోవచ్చు. కేబుల్ ఆపరేటర్‌ను ఛానెళ్ల జాబితా అడగండి. మనకు కావలసింది అందులో లేకపోతే వీధిలో తెలుగు ఇళ్లవాళ్లంతా సంతకాలు పెట్టి ఆయన చేతికే కాగితం ఇవ్వండి.