జిమ్ మార్టిన్ చనిపోయింది తూటా తగిలి కాదు
మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైనికుడైన పద్నాలుగేళ్ల జేమ్స్ (జిమ్) మార్టిన్ టర్కీలోని గల్లిపోలి పోరులో వీరోచితంగా నేలకొరిగాడని మీ వ్యాసంలో రాశారు, ఆ మాటతో నేను ఒప్పుకోను. ఆ పిల్లాడి ప్రాణం తీసింది తూటా కాదు, టైఫాయిడ్. 1915 ఏప్రిల్‌లో మెల్‌బోర్న్‌లో 18 ఏళ్లని అబద్ధం చెప్పి సైన్యంలో చేరాడు, అమ్మ ఒప్పుకోకపోతే వేరే పేరుతో చేరతానని పట్టుబట్టాడట, ఇంక ఆ తల్లి ఏం చేస్తుంది! సెప్టెంబర్‌లో వాళ్ల ఓడ సౌత్‌లాండ్‌కు టార్పెడో తగిలి నాలుగు గంటలు సముద్రంలో ఉన్నాడు, అయినా వారం తిరక్కుండానే కందకాల్లోకి దిగాడు. అక్కడ ఈగలు, కుళ్లు వాసన, తాగే నీళ్లకు కటకట. అక్టోబర్ 25న ఆసుపత్రి ఓడలో చనిపోతే సముద్రంలోనే కలిపేశారు, సమాధి కూడా లేదు, గల్లిపోలిలోని లోన్ పైన్ స్మారకం మీద పేరొక్కటే ఉంది. నన్ను బాగా కదిలించింది అతని ఆఖరి ఉత్తరం. నా గురించి దిగులు పడొద్దని రాస్తూనే, బయల్దేరినప్పటి నుంచి ఇంటి దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదని చెప్పుకున్నాడు. మా అబ్బాయికీ ఇప్పుడు పద్నాలుగే, స్కూల్ టూర్‌కి రెండు రోజులు వెళ్తే రాత్రి ఫోన్ చేసి అమ్మకివ్వు నాన్నా అంటాడు. జిమ్‌ది ఆ వయసే. పోరులో వీరమరణం అని రాస్తే ఆ జ్వరం, ఆ ఎదురుచూపు రెండూ కనబడకుండా పోతాయి, దయచేసి ఆ వాక్యం మార్చండి.