ఆ మొదటి చెక్కు ఎవరి ద్వారా వచ్చిందో కూడా చెప్పండి

స్టార్టప్ విజయగాథలు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. గ్యారేజీ ఉంటుంది, నిద్ర లేని రాత్రులు ఉంటాయి, మొండి పట్టుదల ఉంటుంది. ఆ ఫౌండర్‌ని డబ్బున్న మనిషి దగ్గరికి తీసుకెళ్లింది ఎవరన్నది మాత్రం ఒక్క ముక్కలో దాటేస్తారు.

గూగుల్‌నే తీసుకోండి. 1998 ఆగస్టులో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ సెర్చ్ ఇంజిన్‌ని ఆండీ బెక్టల్‌షైమ్ అనే ఇన్వెస్టర్‌కి చూపించింది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ చెరిటన్ ఇంటి వరండాలో. బెక్టల్‌షైమ్ లక్ష డాలర్ల చెక్కు రాసిచ్చారు, 'గూగుల్ ఇంక్' పేరు మీద. అప్పటికి ఆ పేరుతో కంపెనీయే లేదు! రిజిస్ట్రేషన్ అయింది సెప్టెంబరులో. అంత నమ్మకం ఎక్కడిది? చెరిటన్, బెక్టల్‌షైమ్ అంతకుముందే కలిసి గ్రానైట్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టి, 1996లో సిస్కో అనే పెద్ద నెట్‌వర్కింగ్ కంపెనీకి అమ్మారు. ఒకరి మాట మీద ఒకరికి గురి. సెర్చ్ నిజంగా గొప్పది, అందులో సందేహం లేదు. కానీ అలాంటిదే ఏదో తయారుచేసి కూడా అలాంటి వరండా దాకా చేరలేకపోయినవాళ్ల పేర్లు మనకెలా తెలుస్తాయి?

యూట్యూబ్‌దీ ఇదే దారి. 2005లో దాన్ని పెట్టిన ముగ్గురూ ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేపాల్‌లో పనిచేసినవాళ్లే. స్టార్టప్‌లలో డబ్బు పెట్టే సెకోయా సంస్థ తరఫున అందులో పెట్టుబడి పెట్టించిన రోలఫ్ బోథా కూడా పేపాల్ మాజీ సీఎఫ్‌ఓనే (ఆర్థిక వ్యవహారాల అధిపతి). వాట్సాప్‌లో 2009లో తొలి 2.5 లక్షల డాలర్లు పెట్టింది దాని ఫౌండర్లతో యాహూలో కలిసి పనిచేసిన పాత సహోద్యోగులు.

పరిచయాలంటే డబ్బు ఒక్కటే అనుకుంటాం. నా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద లాభం టైమ్. తెలిసినవాళ్లు ఉన్న ఫౌండర్‌కి మంచి ఇంజినీర్ ఒక్క ఫోన్ కాల్‌తో దొరుకుతాడు, 'ఈ ఫీచర్ ఎవరికీ అక్కర్లేదు' అని మొహం మీద చెప్పేవాళ్లు ఉంటారు. ఎవరూ తెలియనివాడు అదే సమయంలో జవాబు రాని మెయిల్స్ పంపుతూ కూర్చుంటాడు.

ఇంకో లాభం, రెండో అవకాశం. 2008లో ఇళ్లు, గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ ఫౌండర్లని మైఖేల్ సైబెల్ అనే మరో స్టార్టప్ ఫౌండర్ ఏడుగురు ఇన్వెస్టర్లకు పరిచయం చేస్తే ఐదుగురు కాదన్నారు, ఇద్దరు బదులే ఇవ్వలేదు. మరుసటి ఏడాది వాళ్లు కొత్త స్టార్టప్‌లకు కొంత డబ్బు, సలహా ఇచ్చే వై కాంబినేటర్‌లో చేరారు, తర్వాత సెకోయా డబ్బు పెట్టింది. వెనక నిలబడే మనిషి ఒక్కడూ లేకపోతే ఎంతమంది ఆ ఏడుగురి దగ్గరే ఆగిపోతారు!

అలాగని పరిచయాలుంటే చాలని కాదు. ఫోన్లలో చూసే చిన్న వీడియోల యాప్ క్వీబీకి హాలీవుడ్ దిగ్గజం జెఫ్రీ కాట్జెన్‌బర్గ్, ఈబే మాజీ సీఈఓ మెగ్ విట్‌మన్ లాంటి పేర్లున్నాయి, 175 కోట్ల డాలర్లున్నాయి. 2020 ఏప్రిల్‌లో మొదలై, అక్టోబరుకల్లా మూసేస్తున్నట్టు ప్రకటించారు. జనానికి నచ్చకపోతే ఎవరి సిఫారసూ పనిచేయదు. పైగా, మనకు తెలియని సమాచారం దగ్గరి స్నేహితులకన్నా ముఖపరిచయస్తుల నుంచే ఎక్కువగా వస్తుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే రాశారు. ఒకే కాలేజీ, ఒకే కంపెనీ గుంపులో అందరికీ తెలిసింది ఒకటే.

అందుకే 'తెలిసినవాళ్ల ద్వారా వస్తేనే చూస్తాం' అనే ఇన్వెస్టర్లంటే నాకు మంట. 2005లో మొదలైన వై కాంబినేటర్ దరఖాస్తులు ఎవరైనా పంపుకోవచ్చంది. మిగతావాళ్లకేం అడ్డం? ఫౌండర్లూ, ఈసారి స్టేజీ ఎక్కినప్పుడు మీ మొదటి ఇన్వెస్టర్‌ని మీకు పరిచయం చేసిందెవరో పేరు పెట్టి చెప్పండి. కింద కూర్చుని వింటున్నవాళ్లలో ఎవరూ తెలియనివాళ్లు చాలామంది ఉంటారు, తమ ఐడియాలోనే లోపముందని కుమిలిపోతూ.