జిహ్వచాపల్యానికి చిరునామా

ఊబకాయం తినేవాడి తప్పే అన్న సిద్ధాంతానికి నేను చిరకాల అనుయాయిని. పరిపాలనా దృష్టితో చూస్తే ప్రజారోగ్య చరిత్రలో ఇంతకంటే పొదుపైన సిద్ధాంతం మరొకటి కనిపించదు. దీనికి బడ్జెట్ కేటాయింపులు అక్కర్లేదు, స్థల సేకరణ అక్కర్లేదు, ఏ వ్యాపారికీ కోపం తెప్పించే పని లేదు. "నోరు కట్టుకోండి, నాలుగడుగులు నడవండి" అని ఒక గోడపత్రిక అచ్చువేయించి ఆసుపత్రి వరండాలో అంటిస్తే ప్రభుత్వ బాధ్యత తీరిపోతుంది. ఆ తరువాత ఎవరైనా లావెక్కితే అది వారి జిహ్వచాపల్యమే తప్ప మరొకరి పూచీ కాదు. నడవమన్న చోట కాలిబాట ఉందా లేదా అన్నది గోడపత్రిక పరిధిలోకి రాదు.

ఈ సిద్ధాంతాన్ని నమ్మినవారు కొన్ని మహిమలను కూడా నమ్మవలసి ఉంటుంది, నేను నమ్ముతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 89 కోట్ల మంది పెద్దలు ఊబకాయంతో ఉన్నారు. 1990తో పోలిస్తే పెద్దల్లో ఊబకాయం రెట్టింపును మించింది, కౌమార వయసు పిల్లల్లో నాలుగింతలయింది. అంటే మూడు దశాబ్దాల వ్యవధిలో, వేర్వేరు ఖండాల్లో వేర్వేరు భాషలు మాట్లాడుకునే కోట్లాది మంది, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే, కూడబలుక్కున్నట్టుగా మనోనిగ్రహాన్ని వదిలేశారన్న మాట. మానవ స్వభావం ఇంత ఘోరంగా కుప్పకూలుతుంటే చరిత్రకారులు గానీ తత్వవేత్తలు గానీ మతగురువులు గానీ గమనించలేదు. దర్జీలు మాత్రమే గమనించారు.

అయితే ఈ పతనం అన్ని వీధుల్లోనూ సమానంగా జరగకపోవడమే కొంచెం ఇబ్బంది పెడుతోంది. సంపన్న దేశాల నగరాల్లో పేదల పేటలకు వెళ్తే ఊబకాయం, మధుమేహం ఎక్కువ. చెట్లూ ఉద్యానవనాలూ ఉన్న వీధులకు వెళ్తే తక్కువ. దీనికి మా పక్షం దగ్గర సమాధానం లేకపోలేదు. నిగ్రహవంతులు కష్టపడి సంపాదించి మంచి వీధుల్లో ఇళ్లు కొనుక్కుంటారు. నిగ్రహం లేనివారు వేపుడు వాసన పట్టుకుని వచ్చి దాని పక్కనే కాపురం పెడతారు. వీధి మనిషిని మార్చలేదు, మనిషే తనకు తగ్గ వీధిని వెతుక్కున్నాడు. ఇది తోసిపుచ్చదగిన వాదన కాదు. పరిశోధకులు చాలాకాలం దీనితో తలపట్టుకున్నారు కూడా. దీని నిజానిజాలు తేల్చాలంటే మనుషులకు చీట్లు వేసి వీధులు పంచాలి. అంత పని ఎవరు చేస్తారులే అని మేము నిశ్చింతగా ఉన్నాం.

అమెరికా ప్రభుత్వం ఆ పని చేసింది. 1994 నుంచి 1998 వరకు ఆ దేశపు గృహనిర్మాణ శాఖ బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో, కడుపేద పేటల ప్రభుత్వ గృహసముదాయాల్లో ఉంటున్న 4,498 కుటుంబాలను లాటరీ వేసి మూడు వర్గాలు చేసింది. మొదటి వర్గానికి పేదరికం తక్కువగా ఉన్న పేటలో మాత్రమే చెల్లే అద్దె కూపన్, రెండో వర్గానికి మామూలు అద్దె కూపన్ ఇచ్చింది. మూడో వర్గానికి కూపనేమీ ఇవ్వలేదు. పది పదిహేనేళ్ల తరువాత ఆ ఇళ్లలోని స్త్రీలను తూచి, రక్తం పరీక్షించి, ఫలితాలను 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించారు. కూపన్ దక్కని వర్గంతో పోలిస్తే మొదటి వర్గంలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే కొలత) 35, అంతకు మించి ఉన్నవారు 4.6 శాతం పాయింట్లు తక్కువగా ఉన్నారు. రక్తంలో చక్కెర మధుమేహం స్థాయికి చేరినవారు 4.3 పాయింట్లు తక్కువ. ఆ కూపన్‌తో పాటు ఆహార నియమాల పుస్తకమేదీ పంచలేదు, వ్యాయామశాలలో చేర్పించలేదు, చివరికి మన గోడపత్రిక కూడా అంటించలేదు. పైగా కూపన్ అందినవారిలో దాన్ని వాడుకుని ఇల్లు మారినవారు సుమారు సగం మందే. లాటరీలో ఇల్లు తగలడం విన్నాం గానీ, సంకల్పబలం తగలడం ఎక్కడైనా విన్నామా?

స్వీడన్ కూడా మాకు ఇలాంటి ద్రోహమే చేసింది, అయితే తెలియక చేసింది. 1987 నుంచి 1991 వరకు అక్కడికి వచ్చిన శరణార్థులను అధికారులు ఇళ్ల లభ్యతను బట్టి దేశమంతటా సర్దారు. ఏ పేటలో ఉండాలన్నది వచ్చినవారు ఎంచుకున్నది కాదు. ఆ తరువాతి దశాబ్దాల ఆరోగ్య రికార్డులు తిరగేసి 2016లో ప్రకటించిన పరిశోధనలో, లేమి ఎక్కువగా ఉన్న పేటలకు పంపినవారికి మధుమేహం ముప్పు ఎక్కువని, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా పెరుగుతూ పోయిందని తేలింది.

ఇక మిగిలిన ఆశ సైన్యం. మనోనిగ్రహానికి పెట్టింది పేరు కాబట్టి సైనిక కుటుంబాల జోలికి వీధులు రావని మేము అనుకున్నాం. సైనికుడు ఊరు ఎంచుకోడు. ఉత్తర్వు వచ్చిన చోటికి పెట్టెలు సర్దుకుని వెళ్తాడు. అమెరికాలో ఇలా బదిలీ అయిన కుటుంబాల మీద 2018లో వెలువడిన అధ్యయనం, ఊబకాయం ఎక్కువగా ఉన్న జిల్లాలకు వెళ్లిన తల్లిదండ్రుల్లోనూ పిల్లల్లోనూ ఊబకాయం ఉండే అవకాశం ఎక్కువని చెప్పింది. స్థావరం లోపల కాక బయట జనం మధ్య కాపురమున్నవారిలో, అక్కడ ఎక్కువకాలం గడిపినవారిలో ఆ సంబంధం మరింత గట్టిగా కనిపించింది. శత్రువుకు లొంగనివారు జిల్లాకు లొంగిపోయారు.

ఇంత జరిగినా నాకు అసలైన జాలి కలిగేది తిండి అమ్మే కంపెనీల మీద. ఏం తినాలన్నది పూర్తిగా తినేవాడి స్వేచ్ఛ అని, దానికీ పరిసరాలకూ ముడిపెట్టడం తగదని వేదికలెక్కి చెప్పేది అవే. అయినా పాపం, కూడలిలో మూల దుకాణం కోసం ఎక్కువ అద్దె కడతాయి. కొత్త శాఖ తెరిచే ముందు ఆ దారిన రోజుకు ఎంతమంది నడుస్తారో, ఎన్ని బళ్లు ఆగుతాయో లెక్కలు తీయిస్తాయి. తమ సరుకు కంటికి ఎదురుగా ఉన్న అరలోనో, వరస చివరనో, బిల్లు కట్టడానికి నిలబడే చోటనో ఉండేందుకు దుకాణదారుకు రుసుములు చెల్లిస్తాయి. పిల్లలు మారాం చేసి కొనిపించే సరుకును పిల్లల కంటి ఎత్తులోనే పెట్టిస్తాయి. తినేవాడి సంకల్పాన్ని వీధి గానీ అర గానీ కదిలించలేవని తెలిసి కూడా ఇంత సొమ్ము తగలేస్తున్న యాజమాన్యాలను వాటాదారులు ఎందుకు నిలదీయరో అర్థం కాదు. వీధి మనిషి తిండిని మార్చగలదని ఇంత గాఢంగా నమ్మి, ఆ నమ్మకం మీద ఇంత ధనం పెట్టేవారు ప్రజారోగ్య శాఖల్లో కూడా లేరు.

వారి నమ్మకం ఎంత సూక్ష్మమైనదో కాలిఫోర్నియా బడుల లెక్క చూస్తే తెలుస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లల మీద చేసి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, బడికి మైలులో పదో వంతు దూరం లోపల, అంటే దాదాపు 160 మీటర్లలో, ఫాస్ట్‌ఫుడ్ దుకాణం ఉంటే ఆ బడిలో ఊబకాయం రేటు కనీసం 5.2 శాతం పెరిగినట్టు తేలింది. అదే దుకాణం పావు మైలు అవతల ఉంటే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి పదిహేనేళ్ల పిల్లవాడి శీలం 160 మీటర్ల లోపు బలహీనంగా ఉండి, పావు మైలు దాటేసరికి వజ్రంలా గట్టిపడుతుందని మనం గ్రహించాలి. ఇంతటి శాస్త్రీయ సత్యాన్ని నీతిశాస్త్ర పాఠాల్లో ఇంకా ఎందుకు చేర్చలేదో!

లండన్‌లో మరీ అన్యాయం జరిగింది. 2019 ఫిబ్రవరిలో అక్కడి నగర రవాణా సంస్థ తన రైళ్లలో, బస్సుల్లో, స్టేషన్లలో కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన తిండి ప్రకటనలను నిలిపివేసింది. ఆ నిషేధం లేకపోయి ఉంటే కొనేవాటితో పోలిస్తే, ఒక్కో ఇంటివారు అలాంటి సరుకు నుంచి వారానికి సగటున సుమారు 1,000 కేలరీలు తక్కువ కొన్నారని 2022లో వచ్చిన పరిశోధన అంచనా కట్టింది. ఆ ఇళ్లవారికి ఎవరూ ఏమీ బోధించలేదు. గోడ మీద బొమ్మ లేకపోతే కోరిక పుట్టకపోవడం వ్యక్తి స్వేచ్ఛకు ఎంత అవమానమో ఆలోచించండి.

మా పక్షానికి విజయాలు లేవనుకోకండి. పేదల పేటలో తాజా కూరగాయలు దొరకవు కాబట్టి అక్కడ ఒక పెద్ద సూపర్‌మార్కెట్ తెరిస్తే చాలునని సంస్కర్తలు చాలాకాలం ఊదరగొట్టారు. ఫిలడెల్ఫియాలో అలాగే తెరిచారు. 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మంచి తిండి అందుబాటులోకి వచ్చిందన్న భావన జనంలో పెరిగింది గానీ వారు తినే పండ్లూ కూరగాయలూ పెరగలేదు, బీఎంఐ తగ్గలేదు. 2019లో అమెరికా కుటుంబాల కొనుగోళ్లను విశ్లేషించిన ఆర్థికవేత్తలు, సంపన్నులకు దొరికే సరుకులన్నీ అవే ధరలకు పేదలకు దొరికేలా చేసినా పోషకాహారంలో ఉన్న తేడా పది శాతం మేరకే తగ్గుతుందని లెక్కకట్టారు. మిగిలినదంతా కోరికలోని తేడా అట! ఆ కోరిక ఏ ప్రకటనల కింద, ఏ జీతం మీద, ఎంత తీరికలో పెరిగి పెద్దదయిందని అడిగేవారితో మాకు పని లేదు. రిబ్బన్ కత్తిరించి దుకాణం తలుపులు తెరిచారు; కొనేవారి జేబూ తీరికా ఎప్పటిలాగే బిగుసుకుని ఉన్నాయి. పూట గడవడానికి రెండు ఉద్యోగాలు చేసి చీకటి పడ్డాక ఇల్లు చేరిన మనిషి కూరలు తరుగుతూ కూర్చోలేదన్న ఒక్క కారణంతో అతన్ని సోమరి అనగలగడమే మా సిద్ధాంతంలోని సొగసు.

లాస్ ఏంజెలెస్ వ్యవహారం మాకు ఇంకా తీపి. 2008లో ఆ నగరపు దక్షిణ భాగంలో కొత్త ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను నిషేధించారు. ఆ తరువాతి ఏళ్లలో అక్కడ ఊబకాయం తగ్గకపోగా మిగతా ప్రాంతాలకంటే వేగంగా పెరిగింది. నిషేధం విడిగా కట్టుకునే కొత్త కట్టడాలకే వర్తించిందని, వాణిజ్య సముదాయాల్లో తెరిచేవాటికి వర్తించలేదని, పాతవన్నీ యథాస్థానంలోనే ఉన్నాయని, ఆ పేటలో అడుగడుగునా ఉన్న చిల్లర కొట్లను ఎవరూ తాకనే లేదని కొందరు గుర్తుచేస్తారు. చిల్లర కొట్టువాడి బాధ వేరు: పండ్లు కుళ్లితే ఆ నష్టం అతనిదే, పొట్లాలు మాత్రం నెలల తరబడి చెక్కుచెదరకుండా నవ్వుతూ ఉంటాయి. అతనికి శీతల అరలు కొనిపెట్టే ఖర్చుతో పోలిస్తే నిషేధం చవక. సగం తలుపు మూసి గాలి ఆగలేదని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకదు.

చట్టసభలు మాత్రం మాకు అండగా నిలిచాయి. తిని లావెక్కినవారు తిండి కంపెనీల మీద దావా వేయకుండా వ్యక్తిగత బాధ్యత పేరుతో ఒక బిల్లును 2004లో అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్ దాన్ని ముందుకు పోనివ్వకపోయినా, ఇరవైకి పైగా రాష్ట్రాలు అలాంటి చట్టాలు చేసుకున్నాయి. న్యూయార్క్ నగరం తీపి పానీయాల గ్లాసు పరిమాణానికి హద్దు పెట్టబోగా 2014లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కొట్టివేసింది. మిసిసిపీ రాష్ట్రం ముందుచూపుతో, తన పట్టణాలేవీ అలాంటి హద్దు పెట్టే ఆలోచనే చేయకుండా 2013లోనే చట్టం చేసింది. ఇంగ్లండ్ ఒక్కటే దారితప్పింది. 2022 అక్టోబరు నుంచి పెద్ద దుకాణాల్లో కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన సరుకును ద్వారం దగ్గర, వరసల చివర, బిల్లు కట్టే చోట పెట్టకూడదంటోంది. జనాన్ని పరీక్షించే అవకాశమే లేకుండా చేస్తే జనం శీలం ఎలా తెలుస్తుంది?

ఏమైనా, సాక్ష్యాలను కాదనడం విజ్ఞుల లక్షణం కాదు. మనోనిగ్రహం మనిషిలో ఉంటుందన్న మా మూల సూత్రాన్ని వదలకుండానే, అది నేలలోంచి మనిషిలోకి ఎక్కుతుందన్న చిన్న సవరణను ప్రతిపాదిస్తున్నాను. సర్వే శాఖవారు వెంటనే రంగంలోకి దిగి, ఏ వీధిలో గజానికి ఎంత నిగ్రహం ఉందో కొలిచి పటాలు తయారుచేయాలి. బడికి 160 మీటర్ల పరిధిలో నిగ్రహ శూన్య మండలమని బోర్డు పాతాలి. దుకాణాన్ని జరపనక్కర్లేదు, బోర్డు చాలు. పేదలను లాటరీ వేసి మంచి పేటలకు తరలించే విధానాన్ని మాత్రం తక్షణం నిలిపివేయాలి, ఎందుకంటే దానివల్ల సిద్ధాంతానికి హాని జరుగుతోంది.

రిజిస్ట్రేషన్ శాఖకు కూడా ఒక మనవి. మంచి వీధిలో ఇల్లు కొన్నవారు కాలిబాట, ఉద్యానవనం, దగ్గరలో తాజా పండ్లతో పాటు నోటి అదుపును కూడా ఇప్పటికే ధర చెల్లించి కొనుక్కుంటున్నారు. దస్తావేజులో విడిగా చూపించడం లేదంతే. ఇకపై ఆస్తి వివరాల పట్టికలో "ఈ స్థలంతో సంక్రమించే సంకల్పబలం" అని ఒక గడి చేర్చి, దానికి విలువ కట్టి సుంకం వసూలు చేయాలి. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాళంచెవులతో పాటు దాన్ని కూడా యజమానికి అప్పగించాలా, లేక కొత్త పేటలో అరిగిపోయేదాకా వెంట తీసుకెళ్లవచ్చా అన్నది న్యాయనిపుణులు తేల్చవలసి ఉంది.