డ్యూ టు గారికి, బాకీల విషయమై

మహారాజశ్రీ డ్యూ టు గారికి నమస్కారములు.

మనకు పరిచయం కలిగింది నేను ఆరో తరగతిలో సెలవు చీటీ రాసిన రోజున. మిమ్మల్ని ముందు నిలబెట్టి, పక్కన ఫీవర్ అన్న మాటను చేర్చి, రాని జ్వరాన్ని తెప్పించుకుని నేను తిరునాళ్లకు వెళ్లాను. ఆ జ్వరం ఎప్పుడు వచ్చింది, ఎవరు చూశారు అని మీరు అడగలేదు. మీ పక్కన ఒక నామవాచకం ఉంటే చాలు, మీకు తృప్తి. ఆ ఉదారతకు అప్పట్లో మురిసిపోయాను గానీ, దానివల్ల పెద్దవాళ్లు ఎంత లాభపడుతున్నారో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

పదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు మీ పట్ల నిర్దయులు. 'ది మ్యాచ్ వాజ్ క్యాన్సిల్డ్ డ్యూ టు రెయిన్' అని రాస్తే మిమ్మల్ని ఎర్రసిరాతో కొట్టివేసి, ఆ స్థానంలో ఓయింగ్ టు గారిని కూర్చోబెట్టి, మాకు అర మార్కు తగ్గించేవారు. 'ది క్యాన్సిలేషన్ వాజ్ డ్యూ టు రెయిన్' అంటే మాత్రం తప్పు లేదట. మీరు జాతిరీత్యా విశేషణం కాబట్టి ఏదో ఒక నామవాచకాన్ని ఆశ్రయించి బతకాలే తప్ప, జరిగిన పనికి నేరుగా కారణం చెప్పే అర్హత మీకు లేదన్నది ఆయన సిద్ధాంతం. అది ఆయన సొంత చాదస్తం కాదని, 1926లోనే ఫౌలర్ అనే ఆంగ్ల భాషావేత్త అచ్చులో పెట్టిన అభ్యంతరమని తర్వాత తెలిసింది. అయితే 1957లో కెనడా పార్లమెంటులో రెండో ఎలిజబెత్ రాణి చదివిన సింహాసన ప్రసంగంలో, ధాన్యం అమ్ముకోలేని రైతుల ఇబ్బందిని చెప్పే వాక్యానికి మొదటి మాట మీరే అయ్యారు. రాణిగారి నోట పలికిన దానికి మా బడిలో ఇంకా అర మార్కు పోతూనే ఉండేది.

విచిత్రమేమిటంటే మీరూ ఓయింగ్ టు గారూ పుట్టుకతో ఒకటే బాపతు. మీ మూలం అప్పుపడి ఉండటాన్ని చెప్పే లాటిన్ క్రియ. ఫ్రెంచి వారింట పెరిగి ఇంగ్లీషులోకి వచ్చారు. ఓయింగ్ టు గారిది ఇంగ్లీషు వారి సొంత అప్పు. ఫలితం కారణానికి బాకీ పడిందన్నదే ఇద్దరి భావమూ. కరెంటు బిల్లు మీద డ్యూ డేటు, ఉద్యోగం వదిలేటప్పుడు నో డ్యూస్ సర్టిఫికెట్ చూసిన మాకు ఈ చుట్టరికం తెలియక కాదు. డబ్బు దగ్గర అంత నిక్కచ్చిగా బాకీదారు పేరు అడిగే మీరు, కారణం దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు ఎందుకు అడగరన్నదే నా సందేహం.

బికాజ్ గారిని చూడండి. ఆయన వస్తే వెనుక ఒక కర్త, ఒక క్రియ రావలసిందే. నీళ్లు రాలేదు, బికాజ్... అని మొదలుపెట్టిన మనిషి ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయలేదని ఒప్పుకోక తప్పదు. మీతో ఆ బెడద లేదు. 'డ్యూ టు టెక్నికల్ రీజన్స్', 'డ్యూ టు అడ్మినిస్ట్రేటివ్ రీజన్స్', 'డ్యూ టు అన్‌అవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్': ఈ మూడింటిలో మనిషి అన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? మూడో దానికైతే అర్థం, కారణం ఉండటమే కారణమని. ఇంత నమ్మకమైన సేవకుడు దొరికాక నోటీసు బోర్డులు మిమ్మల్ని వదులుకుంటాయా?

మా తర్కశాస్త్రం కారణాన్ని మూడు రకాలుగా విడదీసింది. బట్టకు దారాలు సమవాయి కారణం, ఆ దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం వంటివి నిమిత్త కారణం. మీ నోటీసుల్లో దారాలు కనిపిస్తాయి, ఒక్కొక్కప్పుడు మగ్గం కూడా కనిపిస్తుంది. సాలెవాడు మాత్రం ఎప్పుడూ సెలవులోనే ఉంటాడు, బహుశా జ్వరం వల్ల.

మా తెలుగు మాత్రం తక్కువ తినలేదని ఒప్పుకుంటాను. 'వలనన్, కంటెన్, పట్టి' అని పంచమీ విభక్తిని వల్లించిన జాతి మాది. ఇంట్లో ఆ వలన ప్రత్యయానికి ముందు మనిషి తప్పనిసరి: పాలు పొంగినా, బస్సు తప్పినా 'అంతా నీ వల్లే' అని ముద్దాయిని వెంటనే నిలబెడతాం. అదే ప్రత్యయం మీ అనువాదంగా ఆఫీసు మెట్లెక్కగానే 'సాంకేతిక కారణాల వల్ల', 'అనివార్య కారణాల వల్ల' అని మనుషులందరినీ బయటకు పంపి తలుపు వేసుకుంటుంది. ఇది మీరు నేర్పిన విద్యేనని నా అనుమానం.

మీ సాంగత్య దోషం బికాజ్ గారికీ అంటింది. 'బికాజ్ సైన్స్', 'బికాజ్ ఇంటర్నెట్' అంటూ ఆయన కూడా కర్తను, క్రియను వదిలేసి ఒంటి నామవాచకంతో తిరగడం మొదలుపెడితే, అమెరికన్ డయలెక్ట్ సొసైటీ వారు తప్పు పట్టడానికి బదులు 2013 సంవత్సరపు మాటగా ఆయనను ఎన్నుకున్నారు. ఇక కర్తకు దిక్కెవరు?

ఇంత రాశాక నా బాకీ కూడా చెప్పుకోవాలి. మా అపార్ట్‌మెంటు సంఘానికి ఈ ఏడాది నేను కార్యదర్శిని. మొన్న రాత్రి మోటారు వేయడం మరచి నిద్రపోయాను. తెల్లవారి ట్యాంకు ఖాళీ. లిఫ్టు పక్కన నోటీసు అంటించాను, మీ పేరుతోనే: 'డ్యూ టు టెక్నికల్ రీజన్స్, నో వాటర్ టిల్ టెన్'. సాయంత్రం చూస్తే దాని కింద ఎవరో పెన్సిలుతో తెలుగులో రాశారు: "ఆ టెక్నికల్ రీజన్ గారు ఏ ఫ్లాటులో ఉంటారు?"

ఇట్లు,
మూడో అంతస్తు, 302