క్లాసు ముగిసినా తెగని డ్యూటీ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ అధ్యాపకులు వారానికి 40 గంటలకు తగ్గకుండా పనిచేయాలి. అందులో నేరుగా పాఠం చెప్పాల్సింది అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ అయితే 14 గంటలు. రోజుకు కనీసం 5 గంటలు క్యాంపస్‌లో అందుబాటులో ఉండాలి. ఈ లెక్క వేసినవారి మనసులో ఉన్నది నాలుగు గోడల తరగతి గది. బెల్లు కొడితే క్లాసు అయిపోతుంది, సాయంత్రానికి డిపార్ట్‌మెంట్‌కు తాళం పడుతుంది. 2020 మార్చిలో క్యాంపస్‌లు మూతపడ్డాక విశ్వవిద్యాలయం అధ్యాపకుల ఇళ్లలోకి మారింది. కరోనా తగ్గాక భవనాలు తెరుచుకున్నాయి గానీ, ఇంట్లోకి వచ్చిన పని పూర్తిగా వెనక్కి పోలేదు. గంటల లెక్క మాత్రం పాతదే.

ఆన్‌లైన్ బోధన ఇక తాత్కాలిక ఏర్పాటు కాదు. ఆన్‌లైన్ డిగ్రీలకు యూజీసీ 2020 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా చదువుకోవచ్చని 2021లో అనుమతించింది. 2024 నవంబరులో గాలి కాలుష్యం ముదిరినప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూ కొద్ది రోజులు ఆన్‌లైన్‌కు మారాయి. భారీ వర్షాలకు సెలవు ప్రకటించగానే ‘క్లాసులు ఆగకూడదు, లింక్ పంపండి’ అనే మెసేజ్ అందుకోవడం మన అధ్యాపకులకూ కొత్త కాదు. విద్యార్థి చదువు దెబ్బతినకూడదన్న ఉద్దేశం మంచిదే. దాని ఖర్చు ఎవరు మోస్తున్నారన్నదే ప్రశ్న.

ఆన్‌లైన్‌లో గంట పాఠం గంటతో పోదు. ముందు స్లైడ్లు చేసుకోవాలి. క్లాసు రికార్డు చేసి పోర్టల్‌లో ఎక్కించాలి. హాజరుకు స్క్రీన్‌షాట్లు తీసి పంపాలి. మధ్యలో సిగ్నల్ పోయిన విద్యార్థి రాత్రి పదింటికి ‘మేడమ్, ఆ ప్రాబ్లమ్ ఇంకోసారి చెప్తారా’ అని వాట్సాప్‌లో అడుగుతాడు. అతన్ని తప్పు పట్టలేం, ఊళ్లో నెట్ అప్పుడే దొరికింది మరి. చెప్పకుండా ఫోన్ పక్కన పెట్టడానికి మేడమ్‌కూ మనసొప్పదు. ఇలాంటి డౌట్లు రోజుకు ఎన్ని తీర్చినా అవి ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కవు. పైగా శాఖాధిపతి (హెచ్‌ఓడీ) గ్రూపు, పరీక్షల విభాగం గ్రూపు, విద్యాసంస్థలకు గ్రేడ్లు ఇచ్చే ‘నాక్’ ఫైళ్ల గ్రూపు. ఏ గ్రూపులో ఏ అర్జంటు సర్క్యులర్ పడుతుందోనన్న టెన్షన్ ఆదివారం కూడా వదలదు.

పాఠం చెప్పడంలోని తృప్తి తగ్గిపోవడం మరో దెబ్బ. ముఖాలు ఎదురుగా ఉంటే ఎక్కడ అర్థం కాలేదో అనుభవమున్న అధ్యాపకుడికి ఇట్టే తెలిసిపోతుంది. తెర మీద కనిపించేవి నల్లటి గడులు, వాటి మీద పేర్లు. ‘వినపడుతోందా?’ అని రెండుసార్లు అడిగితే ఎక్కడి నుంచో ఒక ‘యెస్ సార్’ వస్తుంది. వీడియో సమావేశాలు ఎందుకు అంతగా అలసట కలిగిస్తాయో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. అంతమంది చూపు దగ్గర నుంచి తన మీదే ఉన్నట్టు అనిపించడం, మాట్లాడుతున్నంతసేపూ తన ముఖం తనకే కనిపించడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, ఎదుటివారి సైగలు అందుకోవడానికి మెదడు అదనంగా శ్రమపడటం ఆయన చెప్పిన కారణాలు. అక్కడి పరిశోధకులే వివిధ రంగాలవారితో చేసిన సర్వేలో, బాగా అలసిపోతున్నామన్న మహిళలు ప్రతి ఏడుగురిలో ఒకరు కాగా, పురుషులు 20 మందిలో ఒకరే. మన ఇళ్ల సంగతి తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. క్లాసు మ్యూట్‌లో పెట్టి కుక్కర్ ఆపి వచ్చేది ఎవరో చెప్పనక్కర్లేదు.

అందరికంటే ఎక్కువ నలిగేది గెస్ట్ ఫ్యాకల్టీ. యూజీసీ 2019లో వీరికి క్లాసుకు రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50,000 అని నిర్ణయించింది. ఆ మొత్తం అందరికీ అందుతోందా అన్నది వేరే చర్చ. క్లాసుకు ఇంత అని ఇచ్చే పద్ధతిలో రికార్డింగ్‌కు, డౌట్లకు, దిద్దుబాటుకు పైసా ఉండదు. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఖర్చు సొంతమే. ఇవాళ రికార్డు చేసిన పాఠాన్నే వచ్చే ఏడాది నడిపించి తమను పక్కన పెడితే ఏమిటన్న భయం ఒకటి. పర్మినెంట్ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ చేయని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో బోధన భారం చాలావరకు వీరి మీద, కాంట్రాక్టు అధ్యాపకుల మీదే ఉంది. ‘వద్దు, కుదరదు’ అనే అవకాశం అతి తక్కువగా ఉన్నదీ వీరికే.

ఇంటి నుంచి బోధన పనికిరాదని మా వాదన కాదు. చంటిపిల్లల తల్లులకు, రోజూ గంటల తరబడి బస్సు ప్రయాణం చేసేవారికి అది పెద్ద ఊరట. దూరంగా ఉండి చదువు చెప్పడం మనకు కొత్త విద్యా కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది, ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉంది. అక్కడ పాఠం రాసేవారు ఒకరు, అధ్యయన కేంద్రంలో సందేహాలు తీర్చే కౌన్సెలర్ మరొకరు. దూరవిద్యలో ఇవి వేర్వేరు పనులని అప్పుడే గుర్తించారు. నలభై ఏళ్ల తర్వాత ఆ పనులన్నీ కలిపి ఒక్క అధ్యాపకుడి నెత్తిన పెట్టి, దానికి డిజిటల్ విప్లవమని పేరు పెట్టుకున్నాం.

బర్న్‌అవుట్‌ను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణలో చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోతే వచ్చే స్థితి అంది. అంటే చికిత్స మొదలుకావాల్సింది పనిచోటే. విద్యార్థులు, అధ్యాపకుల మానసిక ఆరోగ్యం కోసం కేంద్రం 2020లో తెచ్చిన మనోదర్పణ్, 14416 నంబరుతో పనిచేసే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అవసరమైనవే. ఎవరికైనా గుండె బరువెక్కితే మొహమాటం లేకుండా ఫోన్ చేయాలి. కానీ ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అనే అంశంపై సెలవు రోజు వెబినార్ పెట్టి, హాజరు తప్పనిసరి అని, ఫొటోలు ఫైలుకు పంపమనే యాజమాన్యాలను ఏమనాలి?

పని వేళల తర్వాత ఫోన్ ఎత్తకపోయే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టంలో ఉంది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే ఇదే హక్కు కోసం 2018లోనే ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. విశ్వవిద్యాలయాలు దానికోసం ఎదురుచూడనక్కర్లేదు, పాలక మండలి తీర్మానం చాలు. ఆన్‌లైన్ క్లాసుకు పట్టే తయారీ, రికార్డింగ్, సందేహాల సమయాన్ని వర్క్‌లోడ్‌లో చూపాలి. గెస్ట్ ఫ్యాకల్టీకి ఆ గంటలకూ చెల్లించాలి. రికార్డు చేసిన పాఠాన్ని మళ్లీ వాడాలంటే చెప్పినవారి అనుమతి, పారితోషికం తప్పనిసరి చేయాలి. రాత్రి సర్క్యులర్లకు తెల్లారేదాకా జవాబు అడగకూడదు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుళ్లు ఖరారయ్యేలోపే ఈ మేరకు ఉత్తర్వులు ఇవ్వాలి.