సదరం రోజున ఒళ్లు బాగుంటే పింఛను పోయినట్టే

వైకల్యం ఎంతుందో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్లిన రోజు ఒళ్లు కాస్త తేలిగ్గా ఉందా? అయితే మీ పని అయిపోయినట్టే. ఆ పూట ఎలా ఉంటే అదే మీ వైకల్యం పర్సంటేజీ. 40 వస్తే పింఛను ఏపీలో నెలకు 6,000, తెలంగాణలో 4,016. 39 దగ్గర ఆగిందా, సున్నా.

కాలో చెయ్యో పోయినవాళ్లను ఏ రోజు చూసినా ఒకటే. కీళ్లవాతం అలా కాదు. మా వదినకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోతాయి. పాల ప్యాకెట్ పళ్లతో కొరికి చింపుతుంది, జాకెట్టు హుక్కులు కూతురు పెట్టాలి. పదకొండు దాటాక కాస్త వదులవుతాయి. క్యాంపులో ఆమె వంతు వచ్చేదీ అప్పుడే. పైగా బస్సులో అంత దూరం వెళ్లాలని ముందే నొప్పి మాత్ర వేసుకుంటుంది. డాక్టరు మణికట్టు వంచి చూసి, పిడికిలి బిగించమంటాడు. బిగిస్తుంది. "బానే ఉందిగా అమ్మా!" నిజమే, ఆ గంట బానే ఉంది.

డాక్టర్లను తిట్టి లాభం లేదు, అంతమంది జనంతో వాళ్లు మాత్రం ఏం చేస్తారు? తేడా కొలతలోనే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్, హీమోఫిలియా, మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఉన్నాయి. కొన్నాళ్లు మంచం పట్టించి, కొన్నాళ్లు వదిలేసే జబ్బులివి. జాబితాలో ఎక్కించారు సరే, వాటి తీరును బట్టి చూడొద్దా?

బ్రిటన్‌లో పిప్ అనే దివ్యాంగుల భత్యానికి 2013 నుంచే ఒక నిబంధన ఉంది. ఏడాది కాలాన్ని లెక్కలోకి తీసుకుని, అందులో సగానికి మించిన రోజులు ఏదైనా రోజువారీ పని చేయలేకపోతే, ఆ పని చేయలేనట్టే లెక్క. చేయగలిగినా, మళ్లీ మళ్లీ చేయగలరా అనీ చూడాలి. అమలు మీద అక్కడా బోలెడు గొడవలున్నాయి, అది వేరే కథ. కనీసం కాగితం మీదైనా ఉంది.

దొంగ సర్టిఫికెట్ల మాటేమిటంటారా? ఉన్నాయి, ఎవరు కాదన్నారు? 2025లో ఏపీలో పింఛనుదారులకు మళ్లీ పరీక్షలు పెట్టింది అందుకేగా. కానీ ఒక్క పూట కుంటడం ఎవడికైనా చేతనవుతుంది. రెండేళ్ల ఓపీ చీటీలు, రక్త పరీక్షల రిపోర్టులు, మందుల బిల్లులు పుట్టించడమే కష్టం. ఆ కాగితాలన్నీ వదిన సంచిలోనే ఉన్నాయి. అడిగిన పాపాన పోయినవాడు లేడు.

పర్సంటేజీ తగ్గితే అప్పీల్ చేసుకోవచ్చట. అంటే మళ్లీ బస్సు, మళ్లీ క్యూ, మళ్లీ ఒక్క పూట. ఈసారి మాత్ర వేసుకోకుండా వెళ్లమని చుట్టాల సలహా. వేసుకోకపోతే బస్సు మెట్టెక్కేదెలా?