రెండేళ్లు మిలిటరీలో పడేస్తే...

"వీళ్లని రెండేళ్లు మిలిటరీలో పడేస్తే గానీ దారికి రారు." మొన్న శనివారం మా ఇంట్లో భోజనాల దగ్గర ఒక అన్నగారు అన్న మాట ఇది. ఎదురుగా సోఫాలో నలుగురు పిల్లలు, నాలుగు ఫోన్లు. మూడుసార్లు పిలిచినా ఎవరూ లేవలేదు, పప్పు చల్లారిపోతోంది. అందరం నవ్వి తలలూపాం.

ఈ మాట కొత్తదేం కాదు. 2024 మే నెలలో అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ పద్దెనిమిదేళ్ల వాళ్లందరికీ నేషనల్ సర్వీస్ (తప్పనిసరి సేవ) పెడతానని ప్రకటించినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్లే చప్పట్లు. అందులో సైన్యంలోకి తీసుకునేది 30,000 మందినేననీ, మిగతావాళ్లు నెలకో వీకెండ్ ఏదో సేవ చేస్తే చాలనీ చదివినవాళ్లు తక్కువ. జులైలో ఆయన పార్టీ ఓడిపోయింది, పథకం అటకెక్కింది. ఆ కోరిక మాత్రం మనవాళ్లకి తీరలేదు.

నాకైతే అది మంచి కోరిక అనిపించదు. మేముంటున్న ఈ బ్రిటన్ ఆ పని ఒకసారి చేసి చూసింది. పిల్లల్ని బాగుచేద్దామని మొదలుపెట్టలేదు, బాగుపడ్డారని ఆపనూ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా బ్రిటన్ చేతినిండా కాపలా పనులే. జర్మనీ, సూయజ్ కాలువ, మలయా (ఇప్పటి మలేషియాలోది)... కావలసింది మనుషులు. అంతకుముందు అలాంటి అవసరాలకు భారత సైన్యం ఉండేది. యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది పనిచేశారు, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే. 1947తో ఆ సైన్యం చేజారింది. ఆ ఖాళీలో కొంతైనా పూడ్చడానికి సొంత ఇంటి పిల్లల్నే పిలవాల్సి వచ్చింది. 1949 జనవరి నుంచి నేషనల్ సర్వీస్ చట్టం అమల్లోకి వచ్చింది. మొదట 18 నెలలు, కొరియా యుద్ధం రాగానే 1950లో రెండేళ్లు చేశారు. గని కార్మికులకు మినహాయింపు, ఉత్తర ఐర్లాండ్‌కు అసలు వర్తించదు, ఆడపిల్లల ఊసే లేదు. మిగతా కుర్రాళ్లకు పద్దెనిమిది నిండితే ఇంటికి కవరు వచ్చేది. రెండు వారాలకోసారి గురువారం నాడు రైలెక్కాలి.

మా పక్కింటి పెద్దాయన 1956లో అలా రైలెక్కినవాడే. ఇప్పుడు ఎనభై ఏడు. బ్యారక్‌లో దిగిన రోజే ఒంటిమీది బట్టలు విప్పించి, బ్రౌన్ పేపర్లో చుట్టించి, ఇంటి అడ్రసు రాయించి పోస్టులో పంపించేశారట. పొట్లం విప్పగానే వాళ్లమ్మ ఏడ్చిన ఏడుపు గురించి చెల్లెలు రాసిన ఉత్తరం ఇంకా దాచుకున్నాడు.

ఒకరోజు నా ఆఫీసు బూటు తీసుకుని ఎలా మెరిపించేవాళ్లో చూపించాడు. కొత్త బూటు తోలు మీద చిన్నచిన్న బొడిపెలుంటాయి. చెంచా వెనకభాగం కొవ్వొత్తి మీద కాల్చి, ఆ బొడిపెలు చదునయ్యేదాకా రుద్దాలి. ఆ తర్వాత వేలికి గుడ్డ చుట్టుకుని, చిటికెడు పాలిష్, ఒక ఉమ్ము, గోరంత గుండ్రంగా తిప్పుతూ గంటలకొద్దీ. "ఎందుకు?" అన్నాను. "కార్పొరల్ మొహం అందులో కనిపించాలి కాబట్టి" అన్నాడు. కనిపించాక ఆ బూటును ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరేవాడట కార్పొరల్. మళ్లీ మొదటినుంచి. ఈ తంతుకి వాళ్లు పెట్టుకున్న పేరు 'బుల్'. పూర్తి మాట మీరే ఊహించుకోండి. మొదట్లో జీతం రోజుకి నాలుగు షిల్లింగులు, పాలిష్ డబ్బా మాత్రం సొంత ఖర్చు.

క్రమశిక్షణ అంటే ఇదేనా? సరే, ఇదే అనుకుందాం. 1950లలో ఇక్కడి పత్రికల్ని బెంబేలెత్తించింది ఎవరు? టెడ్డీ బాయ్స్. పొడుగు కోట్లు, నూనె పట్టించిన క్రాపులు, వీధుల్లో కొట్లాటలు. దేశంలోని కుర్రాళ్లంతా వంతులవారీగా బ్యారక్‌లకి వెళ్తున్న రోజుల్లోనే ఆ గోలంతా. దీని సంగతి మన అన్నగార్లు ఎవరూ ఎత్తరు.

మంచి జరగలేదని అనను. చదవడం రానివాళ్లకి సైన్యం చదువు చెప్పింది. కొన్ని వేలమందిని ఏరి రష్యన్ నేర్పించింది, రచయితలు అలన్ బెన్నెట్, మైకేల్ ఫ్రేన్ ఆ బ్యాచ్‌ల వాళ్లే. అదృష్టం బాగున్నవాడికి రష్యన్, లేనివాడికి తిరుగుబాటుతో రగులుతున్న సైప్రస్. పోరుల్లో చనిపోయిన నేషనల్ సర్వీస్ కుర్రాళ్లు 395 మంది. అప్పట్లో ఓటు వయసు 21. అంటే వాళ్లలో చాలామంది తమని పంపిన ప్రభుత్వానికి ఓటు వేయడానికీ, వేయకపోవడానికీ కూడా నోచుకోలేదు. దీన్ని శాంతికాలపు సైనిక సేవ అంటారు. ఆ శాంతికాలం అనే మాట ఎవరి వైపు నుంచి చూసి అన్నారో మరి.

మా పెద్దాయనకి పడింది మలయా. నాకు కాస్త గుచ్చుకునే చోటు అదే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు మలయా రబ్బరు తోటలకి కూలీలుగా వెళ్లారు, మా తాతగారి పెద్దన్నయ్య కూడా. బ్రిటన్ మీద తిరగబడి అడవిలోకి వెళ్లిన కమ్యూనిస్టులకు తిండి అందకూడదని తోట కూలీల లైన్ల చుట్టూ ముళ్లకంచె వేసి, గేటు దగ్గర ప్రతి ఒక్కరినీ వెతికేవాళ్లు. పంతొమ్మిదేళ్ల మా పెద్దాయన తెల్లవారుజామున అక్కడ నిలబడి, సైకిల్ గొట్టాల్లో బియ్యం పోశారేమోనని సీటు ఊడదీయించేవాడట. రబ్బరు పాల బకెట్లలో కర్ర పెట్టి కలిపి చూసేవాడట.

"వాళ్లలో తెలుగువాళ్లు ఉండేవారా?" అని అడిగాను.

"మేం అందరినీ టమిల్స్ అనేవాళ్లం. అడగలేదు" అన్నాడు. కాసేపాగి, "ఆడవాళ్ల సంచులు కూడా వెతికాం. మా అమ్మ వయసువాళ్లు" అన్నాడు. ఆ రోజు ఇంక బూట్ల సంగతి మాట్లాడలేదు.

ఆపింది కూడా పిల్లల మీద జాలితో కాదు. పిలిచినవాడికి పని నేర్పి, ఓడలో పంపి, అక్కడ కుదురుకునేసరికి తిరిగొచ్చే వేళ అయ్యేది. నేర్పడానికే అనుభవమున్న సైనికులంతా సరిపోయేవారు. 1957లో రక్షణ మంత్రి డంకన్ శాండ్స్ అణుబాంబు మీద ఆధారపడదాం, చిన్న వృత్తి సైన్యం చాలు అని తేల్చేశాడు. 1960 చివర్లో ఆఖరి పిలుపు, 1963 మే నెలలో ఆఖరివాడు ఇంటికి.

శనివారం నాటి అన్నగారికి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "అది కాదు తమ్ముడూ, ఇప్పుడలా ఉండదులే" అన్నారు. అయితే మీవాణ్ణి పంపిద్దామా అన్నాను.

"వాడికి సెప్టెంబర్‌లో మెడిసిన్ మొదలు కదా. ఆ రోజుల్లో చదువుకునేవాళ్లకి వాయిదా ఇచ్చేవారా?"

ఇచ్చేవారని చెప్పాను.